పది లెక్కపెట్టే చెయ్యి

మా ఆయన ఒంటి చెప్పుతో ఇంటికొచ్చిన రోజు నేను పడీ పడీ నవ్వాను.

"రెండోది ఏదండీ?" అంటే కిందికి చూసుకున్నారు. అప్పుడు తెలిసింది ఆయనకి. కుడికాలికి చెప్పుంది, ఎడమకాలు ఉత్తదే, మడమ దాకా దుమ్ము. "తెగిపోయింది, పారేశాను" అన్నారు. అడిగిన అరక్షణంలో అబద్ధం తయారు. ఆ తర్వాత నేను సంచీ పట్టుకుని కూరగాయలకి బయల్దేరితే, వీధి మలుపులో మందుల షాపు మెట్ల కింద కనపడింది ఆ చెప్పు. పట్టీ తెగలేదు, ఏమీ కాలేదు, నిక్షేపంగా ఉంది. అక్కణ్ణుంచి ఇంటి దాకా ఉత్తకాలితో నడిచొచ్చాడు మనిషి, కాలికి నేల తెలీలేదు. నేను ఆ చెప్పు తెచ్చి గుమ్మంలో పడేసి ఇంకోసారి నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆయన మోటార్లకి వైండింగ్ కట్టే మేస్త్రి. నీళ్ళ మోటార్లు, ఫ్యాన్లు, గ్రైండర్లు, పిండిమర మోటార్లు, కాలిపోయినవన్నీ ఆయన బల్ల మీదికే వస్తాయి. లోపల మాడిన తీగంతా కోసి లాగేయాలి. కొత్త రాగితీగ చుట్టలు చుట్టి, కాగితం పెట్టిన గాడుల్లో ఒక్కొక్క చుట్టా కూర్చి, దారంతో బిగించి, వార్నిష్ పోసి ఆరబెట్టాలి. చుట్ల లెక్క తప్పకూడదు. తీగ మీద ఉండే పూత ఒక్కచోట వెంట్రుకవాసి లేచినా మోటారు మళ్ళీ కాలుతుంది. ఆ పూత లేచిందో లేదో కళ్ళకి కనపడదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి తీగ జారుతుంటే వేళ్ళకే తెలియాలి. ఈయన ఎవరితోనో కబుర్లాడుతూ, టీ తాగుతూ, తీగ చుడుతూ చుడుతూ టక్కున ఆగేవారు. "ఇక్కడ గీత పడింది" అని కత్తిరించి పారేసేవారు. పక్కవాళ్ళు భూతద్దం పెట్టి చూస్తే నిజంగానే గీత ఉండేది.

మోటారు కట్టడం అయ్యాక పావుగంట తిప్పి, దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి పది లెక్కపెడతారు. పది దాకా చెయ్యి ఉంచగలిగితే మోటారు బాగున్నట్టు. ఆరుకో ఏడుకో తీసేయాల్సొస్తే విప్పి మళ్ళీ కట్టాలి. "చెయ్యుండగా మీటర్లెందుకు" అనేవారు. చుట్టుపక్కల ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవరు. అందరికీ హస్తవాసి మేస్త్రి.

ఇంట్లోనూ ఆ చెయ్యే. ఇస్త్రీపెట్టె కాలిందా, పాలసీసా గోరువెచ్చగా ఉందా, పిల్లకి జ్వరమా ఉత్త వెచ్చదనమా, అన్నిటికీ ఆయన్నే పిలిచేవాళ్ళం. మా అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడు దాని స్నానం నీళ్ళు నేను ఒక్కరోజు కూడా చూడలేదు. వేడినీళ్ళలో చన్నీళ్ళు కలిపి మణికట్టు దాకా చెయ్యి ముంచి, "ఊఁ, పొయ్యి" అనేవారు. నేను పోసేదాన్ని. అది బడికెళ్ళే వయసొచ్చాక కూడా "నాన్నా, చెయ్యి పెట్టు" అని స్నానాలగదిలోంచి అరిచేది. తండ్రి చెయ్యి పెట్టందే మగ్గు ముట్టుకునేది కాదు.

ఇక తాగుడు సంగతి. ఆయన తూలేవారు కాదు, అరిచేవారు కాదు, నా మీద చెయ్యెత్తడం ఎరగరు. తాగుబోతు మొగుడంటే నలుగురూ అనుకునే లక్షణాల్లో ఒక్కటీ లేదు, అదే నా కొంప ముంచింది. పొద్దున పదకొండింటికి మొదలుపెట్టి పనున్నంతసేపూ గుక్కా గుక్కా. సీసా వార్నిష్ డబ్బాల వెనకాల. పెళ్ళైన నాటినుంచీ ఆయన దగ్గర వార్నిష్, థిన్నరు, మాడిన తీగ, ఈ మూడు వాసనలే. నాకేమీ ముక్కు లేకపోలేదు. పక్కింట్లో పాలు మాడితే వాళ్ళకంటే ముందు నేనే పరిగెడతాను. అలాంటి ముక్కుతో ఆ సీసా వాసనని కూడా వార్నిష్ కింద జమకట్టుకుని పదేళ్ళు కాపురం చేశాను. తెలిశాక అరిచాను, ఏడ్చాను, నాలుగురోజులు మాట మానేశాను. నిమ్మకు నీరెత్తినట్టు కూచున్నారు. ఆ తర్వాత తాగడం ఆయనకి అలవాటు, చూసీచూడనట్టు ఊరుకోవడం నాకు అలవాటు అయిపోయాయి. మనసు మొద్దుబారిపోతే ఎంత సుఖంగా ఉంటుందో పైకి చెప్పుకోకూడదు గానీ, నాకు సుఖంగానే ఉండేది.

తిండి తగ్గింది. షాపుకి పంపిన అన్నం డబ్బా సగం సగం వెనక్కొచ్చేది. అరికాళ్ళలో చీమలు పాకుతున్నాయనేవారు. కాలి మీద దుప్పటి తగిలినా మంట అనేవారు. కొన్నాళ్ళకి ఆ మంట పోయింది. పోతే తగ్గిందనుకున్నాం ఇద్దరమూనూ. డాక్టరు దగ్గరికి వెళ్దామని నేను పోరితే, "తగ్గినదానికి డాక్టరెందుకే" అన్నారు. ఆ తర్వాతే చెప్పు జారిపోవడాలు, చొక్కా బొత్తాలు నన్ను పెట్టమనడాలు. చిన్న స్క్రూ చేతిలో ఉండగానే "స్క్రూ ఏది" అని బల్లంతా వెతుక్కునేవారట.

ఒక నీళ్ళ మోటారు కట్టి ఇస్తే కాలిపోయి తిరిగొచ్చింది. మళ్ళీ కట్టిచ్చారు, మళ్ళీ వచ్చింది. "కరెంటు బాగాలేదు" అన్నారు. మూడోసారి కట్టి, తిప్పి, అరచెయ్యి ఆనించి పది దాకా లెక్కపెట్టి, "బాగుంది తీసుకెళ్ళు" అన్నారు. ఆ మధ్యాహ్నం కంచం ముందు కూచున్నప్పుడు చూశాను, కుడి అరచేతిలో రూపాయి బిళ్ళంత బొబ్బ. "ఇదేంటండీ?" అంటే, "ఏది?" అని అరచెయ్యి తిప్పి చూసుకున్నారు. వేరేవాళ్ళ చెయ్యి చూసినట్టు చూశారు. తర్వాత చెయ్యి మూసేసి, "ఏదో వేడిది తగిలుంటుంది" అన్నారు.

నాకు ఆ నిమిషం అర్థమైపోయింది. ఆ చేతికి ఏమీ తెలీడం లేదు. అది నాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఇద్దరం భోంచేసి కంచాలు తీసేశాం.

ఇది జరిగిన పదిరోజులకి మా అమ్మాయి పదకొండు నెలల పిల్లతో మా ఇంటికొచ్చింది. మూడు వారాలు ఉంటానంది. అల్లుడు ఏదో శిక్షణ ఉందని వేరే ఊరెళ్ళాడు. ఇంట్లో పసిపిల్ల ఏడుపూ నవ్వూ వినపడేసరికి నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది. ఈయన కూడా షాపు ఆలస్యంగా తెరవడం మొదలుపెట్టారు. బుజ్జిదాన్ని ఒళ్ళో వేసుకుని దాని చెవిలో మోటారు తిరిగిన చప్పుడు చేస్తే అది కిలకిలా నవ్వేది.

నాలుగోరోజు పొద్దున నేను వంటగదిలో ఉన్నాను. స్నానాలగదిలో పీట మీద కూచుని అమ్మాయి పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది. ఈయన బకెట్టులో నీళ్ళు కలిపారు. "నాన్నా, చెయ్యి పెట్టు" అంది అమ్మాయి, చిన్నప్పటి గొంతుతోనే. ఆయన మణికట్టు దాకా ముంచారు. "ఊఁ, పొయ్యి" అన్నారు.

నాకు వంటగదిలోకి ఇవన్నీ వినపడ్డాయి. చేతిలో కత్తీ, ముందు టమాటాలూ ఉన్నాయి. లేచి వెళ్ళి నేను ఒకసారి చెయ్యి పెట్టి చూడొచ్చు. లేవలేదు.  ఆయన పరువు పోతుందని కాబోలు.

ఒక్క మగ్గే పోసింది. పిల్ల కేక పెట్టింది. కాళ్ళు రెండూ ఎర్రగా కందిపోయాయి. ఎడమ చీలమండ మీద చూస్తుండగానే పొక్కింది. చన్నీళ్ళ పంపు కింద కాళ్ళు పెట్టి, తుడిచి, ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాం. పైచర్మమే, పదిహేనురోజుల్లో మానుతుంది, మచ్చ ఉండొచ్చు అన్నారు. ఇంటికొచ్చాక పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. అప్పుడు అమ్మాయి తండ్రి చెయ్యి పట్టుకుని స్నానాలగదిలోకి తీసుకెళ్ళింది. వేడినీళ్ళ పంపు తిప్పి దాని కింద మగ్గు పట్టి, పొగలు కక్కే ఆ నీళ్ళు ఆయనకి చూపించింది.

"ఇవి చల్లగా ఉన్నాయా, వేడిగా ఉన్నాయా? చూడకుండా, చేత్తో చెప్పు నాన్నా."

ఆయన చెయ్యి ముందుకు చాపారు. అమ్మాయే ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి తోసేసింది, ముంచనివ్వలేదు.

"ఎప్పట్నుంచి?"

"ఐదారు నెలలుంటుంది" అన్నారు ఆయన, నేల చూస్తూ.

"తెలీడం లేదని ఎందుకు చెప్పలేదు? పొయ్యి అని ఎలా అన్నావు?"

ఆయన వంగి పంపు కట్టేశారు. అది నా వైపు తిరిగింది. "నీకు తెలుసా అమ్మా?" అంది. నేను తెలుసనలేదు, తెలీదనలేదు. అదే జవాబనుకుంది, నిజం కూడా అదే. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. గుమ్మం దాటేముందు, "నాన్న చేతికి ఇంకెప్పుడూ పిల్లని ఇవ్వను" అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది, కోపంలో అంది అనుకుని సర్దుకునేవాళ్ళం. అది వెళ్ళాక నేను స్నానాలగది కడిగాను, బకెట్టు బోర్లించాను, మధ్యలో వదిలేసిన టమాటాలు తరిగాను. నాకేమీ అనిపించలేదు. ఈ మాట రాయడానికి సిగ్గేస్తోంది గానీ, ఏమీ అనిపించలేదు.

మర్నాడు ఆయనే చొక్కా తొడుక్కుని, "బొత్తాలు పెట్టు, డాక్టరు దగ్గరికి పోదాం" అన్నారు.

నరాల డాక్టరమ్మ నా కంటే చిన్నది, నవ్వు మొహం. ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంది. "కాలికి దూది తగిలించినప్పుడల్లా ఆఁ అనండి" అంది.

"ఆఁ" అన్నారు ఈయన. కాసేపాగి, "ఆఁ." మళ్ళీ, "ఆఁ."

"నేనింకా దూది తియ్యలేదండీ" అంది డాక్టరమ్మ.

నవ్వొచ్చే మాటే. ఎవరమూ నవ్వలేదు. ఆ తర్వాత ఆమె ఇనప చువ్వలాంటిదొకటి మోగించి కాలి బొటనవేలి మీద ఆనించింది, చీలమండ మీద, మోకాలి మీద. మోకాలి దగ్గరికొచ్చేదాకా ఆ జుమ్మనడం ఆయనకి తెలీలేదు. చేతులకి మణికట్టు దాకా అంతంతమాత్రం. "ఎంత తాగుతారు?" అని అడిగింది. "అప్పుడప్పుడు" అన్నారు. "పొద్దున పదకొండునుంచి సాయంత్రం దాకా, వార్నిష్ డబ్బాల వెనకాల" అన్నాను నేను. పెళ్ళైన ఇన్నేళ్ళలో బయటివాళ్ళ ముందు ఆయన మాట కాదనడం అదే మొదలు.

తాగుడు నరాల్ని తినేసింది, సరిగ్గా తినక విటమిన్లు అడుగంటిపోయాయి, అందుకని వాటిని బాగుచేసుకునే సత్తువ కూడా ఒంట్లో లేకుండా పోయింది అని చెప్పింది. మంట తగ్గడమంటే జబ్బు తగ్గడం కాదు, నరం చచ్చుబడటం అంది. తాగుడు పూర్తిగా మానాలి, కానీ ఇంట్లో కూచుని ఒక్కరోజులో మానేస్తే ప్రాణం మీదికొస్తుంది, ఆస్పత్రిలో ఉంచి మానిపిస్తాం అంది. "చెయ్యి మళ్ళీ మామూలవుతుందా?" అని అడిగారు ఆయన. "నరం చాలా నెమ్మదిగా పెరుగుతుంది. కొంత రావచ్చు. మొత్తం వస్తుందని నేను మాటివ్వను. ఒక్క చుక్క తాగినా వచ్చేది కూడా రాదు" అంది. ఈయన తలూపారు. "పిల్లని ఎత్తుకోగలనా?" అని ఇంకో ప్రశ్న వేశారు. ఏ పిల్లని అని ఆమెకి తెలీదు పాపం. "బలం వస్తుందిలెండి" అంది.

ఎనిమిది రోజులు ఆస్పత్రి. చెమటలు, వణుకు, గోడ మీద తీగలు పాకుతున్నాయని లెక్కపెట్టడాలు. సూదులు పొడిపించుకుని, గుడ్లూ పప్పూ తిని, మంచం పట్టుకుని నిలబడి ఇంటికొచ్చారు. అక్కణ్ణుంచి నాకు కొత్త ఉద్యోగం. రోజూ సాయంత్రం ఆయన అరికాళ్ళు నా ఒళ్ళో పెట్టుకుని వేలు వేలూ విడదీసి చూడాలి, గాయమైనా ఆయనకి తెలీదు కాబట్టి. బూట్లలో రాయి ఉందేమో దులపాలి. వెనక పట్టీ ఉన్న చెప్పులే కొనాలి. వరండాలో సుద్దగీత గీస్తే దాని మీద అడుగు తర్వాత అడుగు వేసుకుంటూ నడవాలి ఆయన. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "ఏంటమ్మా, అన్నయ్యగారు సర్కస్‌లో చేరుతున్నారా" అంది. చేరుతున్నారు, టికెట్టు కొనుక్కో అన్నాను.

వ్యాయామాలు నేర్పే అమ్మాయి ఒక గుడ్డసంచీ ఇచ్చింది. అందులో బొత్తం, బోల్టు, గోలీ, తాళంచెవి, సుద్దముక్క వేసి, చూడకుండా చెయ్యి పెట్టి ఏది తగిలిందో చెప్పాలి. ఈయన చెయ్యి పెట్టీ పెట్టకుండానే "తాళంచెవి" అనేవారు. తీస్తే సుద్దముక్క. "బోల్టు" అనేవారు. తీస్తే గోలీ. ఎంత ధీమాగా చెప్పేవారంటే తప్పు గోలీదేనేమో అనిపించేది.

"తడిమి చెప్పమంటే జోస్యం చెబుతున్నారేంటి? తెలీకపోతే తెలీడం లేదని అనండి."

"బల్ల దగ్గర కూచుని తెలీదంటే మోటారు పట్టుకుని పక్క షాపుకి పోతారే."

"ఇది బల్ల కాదు, మంచం. నేను మోటారు తేలేదు."

సంచీ గోడకేసి కొట్టారు. గోలీ మంచం కిందికి దొర్లింది. నేను వంగి తీసి మళ్ళీ సంచీలో వేసి ఆయన ముందు పెట్టాను. అలిగి రెండు రోజులు ముట్టుకోలేదు, మూడోరోజు ముట్టుకున్నారు. తప్పులు తగ్గాయి గానీ తెలీడం లేదన్న ఆ ఒక్క మాట మాత్రం నోట్లోంచి ఊడిపడలేదు.

అమ్మాయి వారానికోసారి నాకు ఫోన్ చేసేది. తండ్రితో మాట్లాడేది కాదు. "నాన్న ఎలా ఉన్నాడు?" అంటే "బాగున్నారు" అనేదాన్ని. "నువ్వూ ఆ మాటే పట్టుకున్నావా" అనేది. ఫోన్లో బుజ్జిది ఏవో కూతలు కూసేది. ఈయన పక్కగదిలో చప్పుడు చెయ్యకుండా కూచుని వినేవారు. ఫోన్ పెట్టేశాక, "మాటలొచ్చాయా దానికి?" అని అడిగేవారు. "ఆ మచ్చ పోయిందటా?" అని ఒక్కసారే అడిగారు. పోలేదన్నాను.

రెండోనెల్లో ఒకరోజు షాపులో ఆయన కళ్ళు చూస్తే తేడాగా ఉన్నాయి. "తాగారా?" "లేదు." వార్నిష్ డబ్బాలు ఒకటొకటే దింపాను. ఉంది. మూడో వంతు ఖాళీ. నాకు కోపం కూడా రాలేదు, డబ్బాలు మళ్ళీ సర్దిపెట్టాను. "డాక్టరమ్మకి మీరే చెప్పండి" అన్నాను. వెళ్ళాం, ఆయన కుర్చీలో బిగుసుకుని కూచున్నారు, చివరికి నేనే చెప్పాను. కానీ మర్నాడు వెళ్ళి చూస్తే డబ్బాలన్నీ వీధి వైపు గడప దగ్గరికి మార్చేశారు, వచ్చేపోయే వాళ్ళందరికీ వాటి ముందూ వెనకా కనపడేలా. మళ్ళీ ఆ వెనకాల సీసా పెట్టలేదు. ఇంకెక్కడైనా పెట్టారేమోనని ఆర్నెల్లు వెతికాను. ఇప్పుడు కూడా అప్పుడప్పుడు వెతుకుతాను, దాపరికమేముంది.

ఐదోనెల్లో నేను గిన్నెలు తోముతుంటే ముందుగదిలోంచి "అబ్బా" అని వినపడింది. చెయ్యి తుడుచుకోకుండానే వెళ్ళాను. బుజ్జిది వదిలేసి పోయిన బొమ్మబండి మీద కాలేశారు. పాదం పట్టుకుని చూసుకుంటున్నారు. "గుచ్చుకుంది" అన్నారు. "నొప్పిగా ఉందా?" "ఉంది." ఇద్దరం ఆ బండి చుట్టూ కూచున్నాం. డాక్టరమ్మ ఆ మాట విని మంచిదేనంది. చేతులకి మాత్రం మంట మొదలైంది, ఇదీ నరం లేస్తోందనడానికి గుర్తే కావచ్చంది. మంటకి మాత్రలిచ్చింది. ఆయనకి చెయ్యి మండుతుంటే నాకు మాత్రం నా లోపల ఎక్కడా మండటం లేదే అని ఒక్కోసారి కుళ్ళుగా ఉండేది.

షాపులో మళ్ళీ పని మొదలుపెట్టారు. లావుతీగ మోటార్లు మాత్రమే ఒప్పుకుంటున్నారు. సన్నతీగ ఫ్యాన్లు పక్క షాపుకి పంపిస్తున్నారు. వేడి చూడ్డానికి మీటరు కొన్నారు. కొన్నారన్నమాటే గానీ దాన్ని బల్ల కింద పెట్టుకుని, పైకి మాత్రం అరచెయ్యి ఆనించి గంభీరంగా పది లెక్కపెట్టి, కింద మీటరు కేసి ఓరచూపు చూసి, "బాగుంది" అంటారు. ఒకరోజు డబ్బా ఇవ్వడానికి వెళ్ళి ఈ నాటకం కళ్ళారా చూశాను. "వేషాలు" అన్నాను. "వ్యాపారం" అన్నారు.

తొమ్మిదో నెల్లో అమ్మాయి ఫోన్ చేసింది. మా ఊళ్ళోనే దానికి ఉద్యోగానికి పిలుపొచ్చింది, ఇంటర్వ్యూ ఉంది. ఉద్యోగం వస్తే ఇక్కడే ఇల్లు తీసుకుంటారు, రోజూ పిల్లని ఎవరో ఒకరు చూసుకోవాలి. "నీ దగ్గర వదలాలా వద్దా అని ఆలోచిస్తున్నాను" అంది. నా దగ్గర అంటే ఆయన దగ్గర కూడా. ఆ మాట ఇద్దరం అనలేదు. ఈయనకి చెప్తే, ఆ వారమంతా గుడ్డసంచీ ఒళ్ళోంచి దించలేదు.

పొద్దున్నే వచ్చింది. బుజ్జిది ఇప్పుడు పరుగులు పెడుతోంది. తాతని గుర్తుపట్టలేదు. ఎడమ చీలమండ మీద గోరంత మచ్చ. ఈయన మొదట అదే చూశారు, చూసి కుర్చీలో కూచుండిపోయారు. పిల్ల పిలవకుండానే ఆయన చుట్టూ తిరిగింది, ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కదల్లేదు. అమ్మాయి చూస్తూనే ఉంది.

ఇంటర్వ్యూకి ఇంకా రెండు గంటలుందనగా బుజ్జిది అరటిపండంతా జుట్టుకి పూసుకుంది. స్నానం చేయించాల్సిందే. అమ్మాయి బకెట్టు పెట్టింది. నీళ్ళు నేనే కలిపాను, చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా సరిపోయాయి. అమ్మాయి పిల్లని చంకనేసుకుని వచ్చి పీట మీద కూచోలేదు. గుమ్మంలో నిలబడి పిలిచింది.

"నాన్నా, ఇలా రా. చెయ్యి పెట్టు."

 చాలా రోజుల తర్వాత నాకు భయమేసింది, అంత భయం వేస్తుందని కూడా మర్చిపోయాను. ఈయన వచ్చారు. గోడ పట్టుకుని నెమ్మదిగా గొంతుక్కూచున్నారు. కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచారు. తీసి ఎడమచెయ్యి ముంచారు. మళ్ళీ కుడిది. పెదాలు కదుల్తున్నాయి, లెక్కపెడుతున్నారు. పది దాటింది. అమ్మాయి ఆయన చేతుల్నే చూస్తోంది.

నేను దాని వెనకాల ఉన్నాను. ఆయన తలెత్తితే నా మొహం కనపడుతుంది. ఆయన తలెత్తారు. నేను చేసింది ఇది: బాగున్నాయి అని తలూపాను. అన్నేళ్ళూ చూసీచూడనట్టు ఊరుకున్నదాన్ని, ఆ ఒక్కరోజు చూసి మరీ అబద్ధానికి సాయం చేశాను. నిజానికి అబద్ధం కూడా కాదు, నీళ్ళు నిజంగానే బాగున్నాయి. ఊఁ, పొయ్యి అంటే చాలు, పిల్లకి ఏమీ కాదు, అమ్మాయి మనసు కుదుటపడుతుంది, మనవరాలు రోజూ మా ఇంట్లో ఆడుకుంటుంది. ఆయన నా తలూపు చూశారు. చూసి నా మీంచి కళ్ళు తిప్పేసుకున్నారు.

"తెలీడం లేదమ్మా" అన్నారు కూతురితో. "నీళ్ళేనని తెలుస్తోంది. కొంచెం వెచ్చగా ఉన్నట్టుంది. కానీ పిల్లకి సరిపోతాయో లేదో నాకు తెలీడం లేదు. నువ్వు చూసుకో."

 నేను సిగ్గుతో గోడకేసి చూస్తూ నిలబడ్డాను. అమ్మాయి వంగి తన చెయ్యి ముంచింది. కాసేపు అలాగే ఉంచింది.

"సరిగ్గానే ఉన్నాయి నాన్నా" అంది. 

తర్వాత పీట మీద కూచుని పిల్ల చొక్కా విప్పింది. ఒక మగ్గు పోసింది. బుజ్జిది కాళ్ళు కొట్టుకుంటూ జారిపోతోంది. "పట్టుకో నాన్నా, సబ్బు రాయాలి" అంది, ఏదో రోజూ అనే మాటలాగా. ఆయన నా వైపు చూశారు. నేను తలూపలేదు. నా తలూపుడికి ఇంక విలువ లేదని నాకు తెలుసు. ఆయన రెండు ముంజేతులూ పిల్ల చంకల కింద పెట్టి ఒడిసి పట్టుకున్నారు. అమ్మాయి సబ్బు రాసింది, నీళ్ళు పోసింది, ప్రతి మగ్గుకీ తన చెయ్యే అడ్డం పెట్టుకుని పోసింది. పిల్ల కేరింతలు కొట్టి ఈయన చొక్కా అంతా తడిపేసింది.

ఆ కేరింతల్లో బుజ్జిది తడిచేత్తో ఆయన బొటనవేలు పట్టుకుంది. ఆయనకి చెయ్యి కనపడటం లేదు, పిల్ల ఒళ్ళు అడ్డం ఉంది.

"పట్టుకుందా?" అని నన్ను అడిగారు.

"పట్టుకుంది" అన్నాను. "గట్టిగానే."